సలాబత్‌పురాలో ఆరు రోజులు, ఊరి బయట ఒక రోజు

జరీ, చీరలు, మరమగ్గాల మధ్య వారమంతా గడిపే సూరత్ పాతపేట సెలవు రోజున పొలాల దారి పడుతుంది. అక్కడి తెలుగు నేతగాళ్లకు ఆ దారిలో సొంతూరి రుచులూ తగులుతాయి

సూరత్ రైల్వే స్టేషన్‌లో దిగి రింగ్ రోడ్డు వైపు ఆటో ఎక్కితే సలాబత్‌పురా ఎంతో దూరం లేదు. కాకపోతే ఆటో కదిలేది తక్కువ, ఆగేది ఎక్కువ. ముందు చీరల మూటలతో టెంపో, పక్కన గ్రే బట్ట తానులు పేర్చిన తోపుడు బండి, వెనక స్కూటర్ మీద లేసు చుట్టలు మోసుకెళ్లే కుర్రాడు. వీటి మధ్య నుంచి రోడ్డు దాటే ఆడవాళ్ల చేతుల్లోనూ బట్ట మూటలే. ఇంటికి తీసుకెళ్లి, వేలాడే దారాలు కత్తిరించి, చమ్కీలు అంటించి తిరిగి అప్పజెప్పాల్సిన చీరలవి. మన ఊళ్లలో పెళ్లికి పెట్టుబడి చీరలు కొనేవాళ్లు 'సూరత్ చీరలు' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ ఒక్క మాట వెనక ఇంతమంది చేతులున్నాయని ఈ రోడ్డు మీద నిలబడితే తప్ప తెలియదు.

ఇక్కడ వారానికి ఆరు రోజులు పని తప్ప మరో ఊసుండదు. ఏడో రోజు వస్తే మాత్రం సూరత్ వాడు ఇంట్లో కూర్చోడు. పిల్లాపాపలతో, చాపలతో, టిఫిన్ డబ్బాలతో ఊరి బయటికి బయల్దేరతాడు. సముద్రానికో, నది ఒడ్డుకో, చెరుకు తోటల పక్కకో, అదీ కుదరకపోతే కనీసం వెడల్పాటి రోడ్డు పక్క పేవ్‌మెంటు మీదికో. డ్యూమస్ వైపు వెళ్లే గౌరవ్ పథ్ మీద ఆదివారం సాయంత్రం చూడాలి. కార్లు, స్కూటర్లు వరసగా ఆపేసి, పక్కనే చాపలు పరిచి కుటుంబాలకు కుటుంబాలు వనభోజనాలు చేస్తుంటాయి. వనం లేకపోయినా భోజనం ఉంటుంది. తినాలంటే సూరత్‌లో, పోవాలంటే కాశీలో అని గుజరాతీలో ఓ సామెత. కాశీ సంగతేమోగానీ మొదటి సగాన్ని సూరత్ వాళ్లు మనసా వాచా నమ్ముతారు.

గోడలు పోయి పేట మిగిలింది

పేరు చివర 'పురా' చూసి హైదరాబాద్ వాళ్లకు యాకుత్‌పురా, మొఘల్‌పురా గుర్తొస్తే తప్పులేదు. మొఘలుల కాలపు నగరాలన్నిటికీ ఈ పురాలు ఉన్నాయి. శివాజీ 1664లో సూరత్‌పై దాడి చేసి దోచుకున్నాక నగరం చుట్టూ ఇటుక గోడ లేచింది. 1670లో ఆయన మళ్లీ వచ్చాడు. 18వ శతాబ్దం మొదట్లో దానికి వెలుపల మరో గోడ కట్టారు. లోపలిది షహర్‌పనా, బయటిది ఆలంపనా. ఆ రెండు గోడల మధ్య పెరిగినవే బేగంపురా, రుస్తంపురా, సలాబత్‌పురా లాంటి పేటలు. ఇప్పుడు గోడలు లేవు, దర్వాజాలు లేవు. సహారా దర్వాజా, మాన్ దర్వాజా, ఉధ్‌నా దర్వాజా అని ఆటోవాళ్లు పిలిచే కూడళ్లు మాత్రం మిగిలాయి.

తెలుగువాళ్లకు సూరత్‌తో పాత పోలిక ఒకటుంది. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ 1611లో మచిలీపట్నం చేరింది. మరుసటి ఏడాది సూరత్ దగ్గరి సువాలీ తీరంలో ఇంగ్లిష్ వాళ్లు పోర్చుగీసు వాళ్లను ఓడించారు. 1613లో మొఘల్ చక్రవర్తి జహంగీర్ ఫర్మానాతో సూరత్‌లో వాళ్ల వర్తక స్థావరం నిలదొక్కుకుంది. తూర్పు తీరంలో బందరు, పడమటి తీరంలో సూరత్. రెండు చోట్లా తెల్లవాళ్లు వచ్చింది మొదట బట్టల కోసమే. బందరుకు ఆ వైభవం కలంకారీ రూపంలో కొద్దిగా మిగిలింది. సూరత్ మాత్రం రేవు పూడిపోయి, బొంబాయి తన వ్యాపారాన్ని ఎగరేసుకుపోయినా బట్టను వదల్లేదు.

పాతపేటల సందుల్లో తిరిగితే ఆ సంగతి ఇంకా కనిపిస్తుంది. జరీ పని ఇక్కడ కుటుంబాల విద్య. వెండి తీగను సన్నగా, ఇంకా సన్నగా లాగి, రేకులా చదును చేసి, పట్టు దారం చుట్టూ చుట్టి, పైన బంగారు పూత పూస్తే అసలు జరీ. వెండి స్థానంలో రాగి తీగ పెడితే నకలు జరీ. అదీ కాక ప్లాస్టిక్ పొరను సన్నగా కోసి చుడితే అందరికీ అందుబాటు జరీ. కంచి పట్టుకైనా, ధర్మవరం అంచుకైనా, గద్వాల కొంగుకైనా తళుకు చాలావరకు సూరత్ నుంచి వెళ్లిందే. సూరత్ జరీకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ గుర్తింపు పత్రం ఎక్కడుందో తెలియదుగానీ, ఇళ్ల ముందు గదుల్లో తిరుగుతున్న చక్రాల చప్పుడు మాత్రం వీధిలోకి వినిపిస్తుంది.

దీనికి పక్కనే, రింగ్ రోడ్డు వెంబడి, చీరల మార్కెట్లు. అంతస్తుల మీద అంతస్తులు, ఒక్కో మార్కెట్లో వందల దుకాణాలు. నేసిన బట్ట గ్రే రూపంలో వస్తుంది, పాండేసరా, సచిన్ వైపు మిల్లుల్లో రంగు, అద్దకం పూర్తి చేసుకుంటుంది, తిరిగి మార్కెట్‌కొచ్చి మడతలు పెట్టించుకుని పార్శిల్ అయిపోతుంది. 2025 ఫిబ్రవరిలో ఇక్కడి శివశక్తి మార్కెట్ అంటుకున్నప్పుడు వందలాది దుకాణాలు కాలిపోయాయి. సింథటిక్ చీర ఎంత తేలికో అంత త్వరగా మండుతుందని అప్పుడు అందరూ చూశారు. అయినా రోడ్డు అవతలి మార్కెట్లలో మూటలు కట్టడం ఆగలేదు.

సాంచల సంసారం

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. గుజరాతీలో సంచో అంటే యంత్రం. మాటలు చుట్టాలైనట్టే మనుషులూ చుట్టాలయ్యారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు చేనేతకు గిరాకీ తగ్గేకొద్దీ పద్మశాలీ కుటుంబాలు షోలాపూర్, బొంబాయి, భివండీ, సూరత్ దారులు పట్టాయి. 1982లో మొదలైన బొంబాయి జౌళి మిల్లుల సమ్మె కార్మికులకు ఏమీ మిగల్చకుండా ముగిశాక, మిల్లుల్లో నేసే బట్ట మరమగ్గాల ఊళ్లకు తరలింది. వెనకే మనుషులూ తరలారు. ఇవాళ సూరత్‌లో సలాబత్‌పురా నుంచి లింబాయత్, ఉధ్‌నా దాకా నడిస్తే తెలుగు బోర్డులు, మార్కండేయుడి గుడి, సర్వపిండి వాసన తగులుతాయి. 'రాజుభాయ్' అని సేఠ్ పిలిచిన మనిషినే ఇంటి గుమ్మంలో 'ఓ రాజన్నా' అని పొరుగు పిలుస్తుంది. అతడు రెండిటికీ పలుకుతాడు.

పని మాత్రం ఎవరికైనా ఒకటే. షిఫ్టు పన్నెండు గంటలు. కూలి మీటరు లెక్కన. మగ్గాల షెడ్డులో మాట వినిపించదు, సైగలే. ఒడిశాలోని గంజాం నుంచి వచ్చినవాళ్లు అందరికంటే ఎక్కువ, ఆ పక్కనే ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్ర వాళ్లు. తెలుగువాళ్లలో కొందరు కాలక్రమంలో నాలుగు సాంచలు సొంతం చేసుకుని చిన్న యజమానులయ్యారు. కొందరు మాస్టర్లు, మేస్త్రీలు అయ్యారు. చాలామంది తండ్రి నిలబడ్డ చోటే నిలబడ్డారు.

ఈ వ్యాపారపు విచిత్రం 2017లో బయటపడింది. తెలంగాణ ప్రభుత్వం ఆ ఏడాది బతుకమ్మ పండక్కి ఆడవాళ్లకు చీరలు పంచాలనుకుంది. సిరిసిల్ల సాంచలకు పని దొరకాలన్నది ఉద్దేశం. కోటి దాకా చీరలు అంత తక్కువ వ్యవధిలో అక్కడ తయారు కాలేదు. మిగిలినవి సూరత్ నుంచి కొన్నారు. సూరత్ చీరలిచ్చారని ఊళ్లలో గొడవయింది, కొన్నిచోట్ల చీరలు తగలబెట్టారు కూడా. సిరిసిల్లలో పని లేక సూరత్ వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు ఆ బట్ట నేసి ఉండొచ్చన్న ఆలోచన ఆ మంటల దగ్గర ఎవరికీ వచ్చి ఉండదు.

మూడుసార్లు ఖాళీ అయిన ఊరు

వలస వచ్చినవాడికి ఊరెంత సొంతమో ఆపద వచ్చినప్పుడు తెలుస్తుంది. సూరత్ తన జనాన్ని మూడుసార్లు అలా పరీక్షించింది. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త బయటికి రాగానే లక్షల మంది రైళ్లు, లారీలు పట్టుకుని వెళ్లిపోయారు. మురికివాడల్లో పేరుకున్న చెత్తే ఈ ఊరిని నడిబజారులో నిలబెట్టిందని దేశమంతా అంది. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు చీపురు పట్టించి, అక్రమ కట్టడాలు కూలగొట్టించి, అధికారులను ఏసీ గదుల్లోంచి వీధుల్లోకి తరిమి రెండేళ్లలో సూరత్‌ను దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా పేరు తెచ్చుకునే స్థితికి చేర్చారు. ఆ అలవాటు ఇంకా పోలేదు. రాత్రిపూట రోడ్లు ఊడ్చే నగరాల్లో సూరత్ ఒకటి.

రెండోసారి 2006 ఆగస్టు. ఎగువన ఉకాయ్ జలాశయం నిండి గేట్లు ఎత్తేసరికి తాపీ నది నగరంలో అధిక భాగాన్ని ముంచేసింది. మిద్దెల మీద రోజుల తరబడి జనం. నీళ్లు తీశాక మగ్గాల మోటార్లలో బురద. మూడోసారి 2020 లాక్‌డౌన్. ఆ ఏప్రిల్‌లో సూరత్‌లో వలస కార్మికులు ఇళ్లకు పంపమని రోడ్డెక్కడం దేశమంతా చూసింది. మూడుసార్లూ తెలుగువాళ్లు తెలంగాణ దారి పట్టారు. మూడుసార్లూ తిరిగొచ్చారు. అహ్మదాబాద్ నుంచి చెన్నై వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ పేరు పెట్టినవాళ్లు ఏమనుకుని పెట్టారోగానీ, ఉధ్‌నా దగ్గర తాపీ లోయలోకి మలుపు తిరిగి, భుసావల్, బల్లార్షా మీదుగా వరంగల్ చేరే ఆ రైలు ఈ జనానికి అక్షరాలా ఆ పనే చేస్తోంది. పోయేటప్పుడు ప్రాణం, వచ్చేటప్పుడు బతుకు.

అందుకే ఇక్కడి వాళ్ల సెలవు రోజు షికారును కేవలం సరదా అనుకోలేం. పన్నెండు గంటల షిఫ్టు చేసే మనిషికి వరంగల్ చాలా దూరం. పొలం చూడాలనిపిస్తే దగ్గర్లో ఉన్న పొలమే చూడాలి.

ఊచబియ్యం రుచి

చలికాలం అయితే ముందు తాపీ ఒడ్డుకు వెళ్లాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వంతెనల కింద, అడాజణ్ వైపు వరసగా పోంక్ బళ్లు వెలుస్తాయి. పాలు పట్టి ఇంకా గట్టిపడని జొన్న కంకులను బొగ్గుల్లో కాల్చి, బట్టలో చుట్టి కర్రతో కొట్టి, గింజలు రాల్చి, పొట్టు చెరిగేస్తారు. మిగిలిన పచ్చటి, మెత్తటి గింజే పోంక్. దానిమీద నిమ్మకాయ, మిరియాల కారప్పూస చల్లుకుని, పక్కన చక్కెర గుళికలు నంజుకుంటూ తింటారు. అదే గింజతో వడలూ వేస్తారు. గుక్కెడు మజ్జిగతో ముగిస్తారు.

సూరత్ వాళ్లు తమ ఊరికే ప్రత్యేకమని చెప్పుకునే ఈ తిండిని తెలంగాణ మనిషి నోట్లో వేసుకోగానే గుర్తుపడతాడు. ఇది ఊచబియ్యం. సంక్రాంతికి ముందు జొన్నచేను గట్టున మంట వేసి, కాల్చిన కంకిని అరచేతుల మధ్య నలిపి, ఊది తిన్న గింజలే. తేడా ఏమంటే అక్కడ అడిగి పెట్టేవాళ్లు లేకపోయినా చేను ఉండేది, ఇక్కడ కిలో లెక్కన తూచి ఇస్తారు. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్లాడికి నాన్న ఆ తేడా చెప్పబోతాడు. పిల్లాడు కారప్పూస ఇంకొంచెం వెయ్యమంటాడు.

చేను సంగతే ఇప్పుడు సమస్య. ఒకప్పుడు నగరానికి ఆనుకునే పోంక్ జొన్న పండేది. 2006లోనూ, మళ్లీ 2020లోనూ నగర పాలక సంస్థ హద్దులు పెరిగాయి. జొన్న చేలున్న చోట అపార్టుమెంట్లు, గోదాములు లేచాయి. ఇప్పుడు కంకులు భరూచ్, వడోదర వైపు నుంచి కూడా బండెక్కి వస్తున్నాయి. జొన్న కంకి కోసిన కొద్ది గంటల్లో కాలిస్తేనే రుచి. చేను దూరమయ్యేకొద్దీ రుచి తగ్గుతుంది, ధర పెరుగుతుంది. ఊరు పెరగడమంటే ఏమిటో నోటికి తెలిసేది ఈ బళ్ల దగ్గరే.

చలికాలపు తిండి ఇంతటితో ఆగదు. జనవరి 14న గాలిపటాల పండక్కి ఉంధియు ఉండాల్సిందే. చిక్కుడు, కంద, చిలగడదుంప, మెంతికూర ముద్దలు కుండలో వేసి, కుండను బోర్లించి మంటలో వండే పొలం వంట అది. ఉంధు అంటే తలకిందులు, పేరు అలా వచ్చింది. వల్సాడ్ వైపు హైవే మీద దాని తోబుట్టువు ఉంబాడియు ఆకుల మధ్య మగ్గుతూ కనిపిస్తుంది. పొద్దున్నే నీరా దొరుకుతుంది. తాటి, ఈతల రసం పులియక ముందే తాగెయ్యాలి. మద్య నిషేధం ఉన్న రాష్ట్రంలో పులిసిన దానికి చోటు లేదు. కల్లు మీద మనసు మళ్లిన తెలంగాణ మనిషికి నీరా సగం ఓదార్పు. పూర్తి ఓదార్పు కావాలనుకునేవాళ్లు సెలవు చూసుకుని దమణ్ వెళ్లొస్తారు.

నల్ల ఇసుక, వేడి బజ్జీలు

సముద్రం అంటే డ్యూమస్. ఊరికి 20 కిలోమీటర్లు. ఇసుక నల్లగా ఉంటుంది, నీళ్లు బురద రంగులో ఉంటాయి. ఆటు వేళకు వెళితే సముద్రం ఎక్కడుందో వెతుక్కోవాలి. విశాఖ తీరం చూసినవాళ్లు పెదవి విరుస్తారు. డ్యూమస్‌కు జనం నీళ్ల కోసం వెళ్లరు. టమాటా బజ్జీల కోసం వెళతారు. టమాటా ముక్కకు పచ్చి కారం పట్టించి, శనగపిండిలో ముంచి వేయించిన ఆ బజ్జీ పైన కరకరలాడుతుంది, లోపల నోరు కాలుస్తుంది. ఇంటర్నెట్‌లో ఈ తీరం దెయ్యాల తీరమని ప్రసిద్ధి. ఆదివారం సాయంత్రం అక్కడున్న రద్దీ చూస్తే దెయ్యానికి నిలబడే చోటు కూడా ఉండదు.

వెళ్లే దారి మాత్రం ఏడాదికేడాది మారిపోతోంది. మగ్దల్లా దగ్గర విమానాశ్రయం. ఖజోద్‌లో 2023 డిసెంబరులో ప్రధాని ప్రారంభించిన డైమండ్ బోర్స్. నదికి అవతల హజీరాలో ఉక్కు, ఎరువుల, పెట్రో కర్మాగారాల పొగగొట్టాలు. ఆ పొగగొట్టాలు దాటి ఉత్తరానికి పోతే సువాలీ. 1615లో ఇంగ్లండ్ రాజు రాయబారి థామస్ రో దిగింది ఇక్కడే. ఇప్పుడు సరుగుడు చెట్లు, ఒంటెల సవారీ, మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్లు. డ్యూమస్ కంటే రద్దీ తక్కువ కాబట్టి పిల్లలున్న కుటుంబాలు ఇటూ వస్తుంటాయి. లోతుకు దిగొద్దన్న హెచ్చరికను రెండు చోట్లా పాటించాలి. ఇక్కడి పోటు చెప్పి రాదు.

బార్డోలీ చెరుకు, దండి ఉప్పు

తూర్పున 35 కిలోమీటర్ల దూరంలో బార్డోలీ. దారంతా చెరుకు. ప్రభుత్వం భూమి శిస్తు 22 శాతం పెంచినందుకు 1928లో ఈ తాలూకా రైతులు కట్టడం మానేశారు. ఆ పోరాటం నడిపిన వల్లభ్‌భాయ్ పటేల్‌కు 'సర్దార్' అన్న పిలుపు ఇక్కడే స్థిరపడింది. చివరికి విచారణ జరిగి పెంపు ఆరు శాతం చిల్లరకు తగ్గింది. ఆయన ఉన్న స్వరాజ్ ఆశ్రమం చూడొచ్చు. పక్కనే హరిపురా. 1938లో సుభాష్ చంద్రబోస్ అధ్యక్షత వహించిన కాంగ్రెస్ సభలు జరిగిన పల్లె. ఆయన్ను 51 ఎడ్ల రథం మీద ఊరేగించారు. నందలాల్ బోస్ పల్లె జనాన్ని, వాళ్ల పనులను బొమ్మలు గీసి ఆ సభా ప్రాంగణాన్ని అలంకరించాడు.

బార్డోలీ చెరుకుది ఇప్పుడు మరో కథ. సహకార చక్కెర మిల్లులు రైతును నిలబెట్టాయి. చెరుకు కొట్టేవాళ్లు మాత్రం ఆ ఊళ్ల వాళ్లు కారు. దీపావళి దాటాక డాంగ్ కొండల నుంచి, ఖాందేశ్ నుంచి ఆదివాసీ కుటుంబాలు కత్తులు పట్టుకుని వస్తాయి. తోటల అంచున గుడిసెలు, తెల్లవారక ముందే కోత, పిల్లలు గట్ల మీద. సలాబత్‌పురా నుంచి సెలవు మీద వచ్చిన నేతగాడు ఆ గుడిసెలను ఊరికే చూసి పోలేడు. పాలమూరు నుంచి, సిరిసిల్ల నుంచి మూట కట్టుకుని బయల్దేరడమంటే ఏమిటో అతని ఇంట్లో ఎవరో ఒకరికి తెలుసు. తాజా బెల్లం కొనుక్కుని బస్సెక్కుతాడు.

దక్షిణాన నవసారి దాటి దండి. సూరత్ నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. 1930 మార్చి 12న సబర్మతిలో బయల్దేరిన గాంధీ ఏప్రిల్ 5న ఇక్కడికి చేరి, మరునాడు పిడికెడు ఉప్పు తీశారు. బస చేసిన సైఫీ విల్లా అలాగే ఉంది. ఆయన్ను అరెస్టు చేసిన కరాడి పల్లె ఆ దగ్గర్లోనే. 2019 జనవరి 30న ప్రారంభమైన స్మారకంలో నడుస్తున్న గాంధీ, వెంట నడుస్తున్నవాళ్ల విగ్రహాలు నిలబడ్డాయి. సబర్మతి నుంచి వచ్చిన ఆ బృందంలో కృష్ణా జిల్లాకు చెందిన ఎర్నేని సుబ్రహ్మణ్యం ఒకరు. వందల మైళ్ల అవతలి నుంచి వచ్చి ఈ మట్టి మీద నడిచిన తెలుగువాళ్ల వరసలో ఆయన పేరు మొదట చెప్పుకోవాలి. తర్వాతి వాళ్లు మగ్గం పట్టుకుని వచ్చారు.

రెండు రోజుల వెసులుబాటు ఉంటే డాంగ్ కొండల మీది సాపుతారా, వానాకాలంలో జలపాతాలు. ఒక రోజే ఉంటే ఉనాయ్ వేడినీటి బుగ్గలు, లేదా ఉకాయ్ ఆనకట్ట. 2006 వరద చూసినవాళ్లు ఆ గేట్ల ముందు నిలబడి కాసేపు మాట్లాడకుండా ఉంటారు.

మీదేవూరు?

దసరా రోజుల్లో ఈ ఊరు రెండు వలయాలు కడుతుంది. ఒక మైదానంలో గుజరాతీ ఆడవాళ్లు దీపం చుట్టూ గర్బా ఆడతారు. మరో వాడలో తెలంగాణ ఆడవాళ్లు పూల చుట్టూ బతుకమ్మ ఆడతారు. రెండిట్లోనూ చప్పట్లే తాళం. తంగేడు, గునుగు దొరక్కపోతే బంతిపూలతో పేరుస్తారు. చివరి రోజున సద్దులు కట్టుకుని నీటి దగ్గరికి వెళ్లేటప్పుడు గుజరాతీ పొరుగు కూడా వెంట వస్తుంది. అప్పటికి ఎవరిది ఏ పండగన్న లెక్క ఉండదు.

లెక్క తేలాల్సింది బడి దగ్గర. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక బడులు ఏడు మాధ్యమాల్లో నడుస్తాయి. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్‌లతో పాటు తెలుగు కూడా. తెలుగు రాష్ట్రాల్లోనే తెలుగు మాధ్యమం కొనసాగాలా వద్దా అన్న వాదన నడుస్తున్న కాలంలో ఓ గుజరాత్ నగరం తన ఖర్చుతో తెలుగు బడి నడపడం చిన్న విషయం కాదు. కానీ తెలుగులో చదివిన పిల్లాడు పై చదువుకు, ఉద్యోగానికి గుజరాతీ, ఇంగ్లిష్ వైపే వెళ్లాలి. అమ్మానాన్నలకు ఆ సంగతి తెలుసు. అందుకే తెలుగు బడి గురించి గర్వంగా చెప్పే ఇంట్లోనే చిన్నపిల్లను ఇంగ్లిష్ బడికి పంపడం కూడా జరుగుతుంది. తప్పు పట్టలేం. మగ్గం మీదికి మళ్లీ తన బిడ్డ రాకూడదనే ఏ నేతగాడైనా కోరుకుంటాడు.

మగ్గమూ మారుతోంది. పాత సాంచల చోట వాటర్‌జెట్, రేపియర్ యంత్రాలు వచ్చి చేరుతున్నాయి. బట్ట ఎక్కువ, మనుషులు తక్కువ. పెద్ద నోట్ల రద్దు జరిగిన 2016లో, జీఎస్టీ వచ్చిన 2017లో చిన్న షెడ్లు తిన్న దెబ్బ సంగతి ఈ వీధుల్లో ఎవరిని కదిపినా చెబుతారు. నాలుగు సాంచల యజమానికి కొత్త యంత్రం కొనే స్తోమత లేదు. అమ్ముకుని సిరిసిల్ల తిరిగి వెళ్లడానికి అక్కడ ఇల్లు పడిపోయింది, పొలం అన్నదమ్ముల పాలైంది. ఇక్కడ ఇల్లుంది, రేషన్ కార్డుంది, ఓటుంది. కూతుర్ని ఇచ్చింది ఇక్కడి లింబాయత్‌కే.

కాబట్టి 'మీదేవూరు?' అన్న ప్రశ్నకు ఒకే ఇంట్లో మూడు జవాబులొస్తాయి. తాత సిరిసిల్ల పక్క పల్లె పేరు చెబుతాడు. తండ్రి కరీంనగర్ అంటాడు, అడిగినవాడికి తెలుస్తుందని. మనవడు సూరత్ అంటాడు. ఈ మూడు జవాబుల్లో అబద్ధం ఏదీ లేదు. జొన్నచేను ఎలా ఉంటుందో మనవడికి చూపించాలని తాతకు ఉంటుంది. అందుకు తెలంగాణ దాకా వెళ్లక్కర్లేదని, బార్డోలీ రోడ్డు మీద బస్సు దిగితే ఇంకా అక్కడక్కడా కనిపిస్తోందని ఆయనకు తెలుసు. నగరం ఆ రోడ్డు వెంట కూడా కదులుతోంది. చూపించదలచుకున్నవాళ్లు ఈ చలికాలమే చూపించడం మంచిది.

ఎలా వెళ్లాలి: వరంగల్, విజయవాడల నుంచి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ నేరుగా సూరత్ వెళుతుంది. వరంగల్ నుంచి దాదాపు ఒక రోజు ప్రయాణం.

ఎప్పుడు: డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు. పోంక్, ఉంధియు, నీరా దొరికే కాలం. శరత్ పున్నమి మరునాడు చందీ పడవో. ఆ రోజు నేతితో చేసే ఘారీ మిఠాయి తినకపోతే సూరత్ చూసినట్టు కాదు. కొండలు, జలపాతాలు చూడాలంటే వానాకాలం.

ఏం చూడాలి: పదహారో శతాబ్దపు సూరత్ కోట, పునరుద్ధరించిన గోపీ తలావ్, ఇంగ్లిష్, డచ్ వాళ్ల పాత సమాధులు నగరంలోనే. సలాబత్‌పురా, రింగ్ రోడ్డు మార్కెట్లకు ఆదివారం సెలవు. చీరలు కొనాలనుకుంటే మిగతా రోజుల్లో వెళ్లండి, ఊరి బయట తిరగాలనుకుంటే ఆదివారం.

ఏం తినాలి: పొద్దున లోచో. ఖమణ్ పిండి కుదరక పాడైతే పుట్టిందని చెప్పుకునే టిఫిన్. లోచో అంటేనే గందరగోళం. వేడిగా, నూనె, కారప్పూస, ఉల్లిపాయ ముక్కలతో పెడతారు. కుదరని వంటను కూడా పారెయ్యకుండా పేరు పెట్టి అమ్మగలగడం సూరత్‌కే చెల్లింది.